బేతంచెర్ల చెట్టుబండలు

పోయిన నెల మా చిన్నమ్మాయి కర్నూలులో కొత్తగా కొనుక్కున్న ఫ్లాటులో చేరింది. ఫాతిహా చదివించి, వచ్చినవాళ్ళకు భోజనాలు పెట్టి, అందరూ వెళ్ళాక నా చెయ్యి పట్టుకుని గది గదీ తిప్పి చూపిస్తూ చివరికి స్నానాలగదిలోకి తీసుకుపోయి, ఇది నీ కోసమే వేయించానమ్మా అని గోడ చూపించింది. చూద్దును కదా, గోడ నిండా టైల్స్, ఒక్కొక్క టైలు మీద సన్నని నల్లని కొమ్మలతో ఒక చెట్టు. నా కళ్ళు చెమర్చిన మాట నిజమే. కానీ ఈ వయసులో కూడా నా కన్ను ఊరికే ఉండే కన్ను కాదు, నాలుగు టైల్స్ చూసేసరికి కనిపెట్టేసింది, ప్రతి చెట్టుకూ ఎడమ పక్క మూడో కొమ్మ సరిగ్గా ఒకే చోట విరిగి ఉంది. అన్నీ ఒకే చెట్టు, అచ్చు వేసిన చెట్టు. పిల్ల ముఖం చూసి చాలా బాగుందమ్మా అన్నాను. ఆ తర్వాత బాల్కనీలో కూర్చుని టీ తాగుతున్నంతసేపూ నా మనసు మాత్రం ఆ ఫ్లాటులో లేదు, బేతంచెర్ల గుట్టల మీద ఎండలో తిరుగుతూనే ఉంది.

మా ఊరు నాపరాళ్ళ ఊరు. మీలో చాలామంది మా ఊరు చూసి ఉండకపోవచ్చుగానీ మా ఊరి మీద నడిచే ఉంటారు. మన కాలంలో ఆంధ్రదేశంలో ఏ బడి వరండాలో కూర్చున్నా, ఏ ఆస్పత్రి మెట్లు ఎక్కినా కాళ్ళ కింద ఉన్నది సగం మా ఊరి బండే. గనిలో రాయి పుస్తకంలో కాగితాల్లాగా పొర మీద పొరగా ఉంటుంది. మా మగవాళ్ళు ఉలి పెట్టి, గడ్డపార దూర్చి ఏ పొరకు ఆ పొర లేపేవాళ్ళు. లేచిన బండలు పాలిష్ ఫ్యాక్టరీకి పోయి, నునుపు తేలి, లారీలెక్కి ఊళ్ళు పట్టిపోయేవి. మా జేజినాయన, అంటే మా నాయన వాళ్ళ నాయన, చూపు మందగించేదాకా పొరలు లేపినవాడే. మా నాయనదీ అదే పని. మా పెద్దనాయన ఒక గనిలో మేస్త్రి, ఇంటికీ ఆయనే పెద్ద. అమ్మ తమ్ముడు, మా మామ, పాలిష్ మిషన్ మీద పనిచేసేవాడు. ఇంటిల్లిపాదీ రాతి మీద బతికినవాళ్ళం కాబట్టి నాకూ రాతి పిచ్చి పట్టిందంటే వింతేమీ లేదు.

ఆ పిచ్చి ఎట్లా మొదలైందంటే, పదో తరగతి పాసై ఇంట్లో ఉన్న రోజుల్లో నాయనకు మధ్యాహ్నం జొన్నరొట్టె, పప్పు, ముంతతో నీళ్ళు గనికి మోసుకుపోయేదాన్ని. ఆయన తినేదాకా నాకు పనేమీ ఉండేది కాదు, అవతల పారేసిన రాతి పెంకుల కుప్పల మీద ఎక్కి దిగుతూ ఉండేదాన్ని. ఒకరోజు కాలు జారి ముంతలో నీళ్ళు ఒక పెంకు మీద ఒలికాయి. బూడిదరంగు రాయి తడిసి నల్లబడుతూ ఉంటే దాని మీద ఒక చెట్టు లేచింది. అట్లా లేవడం నేను కళ్ళారా చూశాను. మొదలు, మాను, కొమ్మలు, కొమ్మలకు రెమ్మలు, అచ్చం మా వీధి చివరి తుమ్మచెట్టు. నీళ్ళు ఒలికినందుకు నాయన తిట్టిన తిట్లు ఒక్కటీ చెవికెక్కలేదు. ఎప్పటెప్పటి వాననీళ్ళో రాతి సందుల్లోకి దిగి ఆ మరకలు గీస్తాయని తర్వాత మా లెక్కల మాస్టారు చెప్పారు. అట్లా నీళ్ళు దిగిన చోట పొర గట్టిగా ఉండదు, లేపేటప్పుడే అంచులు విరిగిపోతాయి, అందుకే చెట్లున్న ముక్కలన్నీ కుప్పల పాలయ్యేవి. ఊళ్ళో అందరికీ అవి తెలుసు, ఎవరికీ అక్కర్లేదు.

నాకు మాత్రం అవే కావాలి. రోజుకొకటి ఓణీ చాటున పెట్టుకుని ఇంటికి తెచ్చేదాన్ని. గూళ్ళలో పెట్టాను, గోడకు ఆనించాను, మంచం కింద పేర్చాను, ఇది చింతచెట్టు, ఇది వేప, ఇది ఈత అని పేర్లు పెట్టాను. అమ్మ పొయ్యి ముందుకు పోవడానికి దారి లేక, "ఇది ఇల్లా, గనా?" అని రోజూ ఒకసారి అనేది, అంటూనే నా కొబ్బరిచెట్టును తీసి పాలగిన్నె మీద మూత పెట్టుకునేది. మొదట్లో ఒక రాయిని బాగా కనిపించాలని ఇటుక ముక్కతో రుద్దాను. నాలుగు రుద్దులకు చెట్టు మాయమైపోయింది. చెట్టు రాతి లోపల లేదు, పైన గోరంత మందం కూడా లేని పూతలాగా ఉంది. ఆ పూట అన్నం మానేసి ఏడ్చాను. అప్పట్నుంచి నీళ్ళతో కడిగి, ఆరనిచ్చి, గుడ్డతో చుక్క శనగనూనె పూయడం తప్ప వేరే పని పెట్టుకోలేదు. చెట్టు పైపూతేనన్న సంగతి ఎవరికీ చెప్పనూ లేదు. అది నా విద్య అని నాకు లోపల చిన్న గర్వం. ఆ గర్వం ఎంత పని చేసిందో ముందు ముందు చెప్తాను.

ఈ పిచ్చి బేరంగా మారింది స్టేషన్ దగ్గర. అక్కడ మా మేనత్తకు టీ అంగడి ఉండేది. ఒకనాడు ఆమెకు చూపిద్దామని తీసుకుపోయిన రాయిని బల్ల మీద పెట్టి మాట్లాడుతూ ఉంటే, ఎదురు బండి కోసం ఆగిన రైల్లోంచి టీకి దిగిన ఒకావిడ దాన్ని పట్టుకుని వదిలిపెట్టలేదు. అమ్ముతావా అని అడిగింది. అమ్మడమన్న మాట నా తలలోకి అంతవరకు రాలేదు. నేను నోరు తెరిచేలోపు మా అత్త, టీ అమ్మిన నోటితోనే ధర చెప్పేసింది. ఆ డబ్బుతో అమ్మకు గాజులు కొన్నాను. మరుసటి వారానికి అత్త అంగడి గోడకు వరసగా పది చెట్లు ఆనించి ఉన్నాయి. ప్రయాణికులు కొన్నారు, రైల్వే క్వార్టర్స్ ఇల్లాళ్ళు కొన్నారు, అహోబిలం పోయి వచ్చేవాళ్ళు గోడకు తగిలించుకుంటామని కొన్నారు. నా ఒక్కదాని ఏరుడు చాలక, గనుల్లో రాళ్ళెత్తే ఆడవాళ్ళకు చెప్పాను, చెట్టున్న ముక్క కనిపిస్తే పారేయకుండా నాకివ్వండి, నేను కొంటాను అని. నవ్వారు. తర్వాత కొంగులో కట్టుకుని తెచ్చివ్వడం మొదలుపెట్టారు. ఎవరు తెచ్చిన చెట్టు ఎంతకు పోయిందో, ఏ ఊరికి పోయిందో నన్ను కూర్చోబెట్టి అడిగి మరీ తెలుసుకునేవాళ్ళు, తమ చెట్టు బెంగళూరు పోయిందని తెలిస్తే ఆ రోజు గనిలో ఆమెదే రాజ్యం.

పెద్దనాయనకు మాత్రం ఇదంతా గిట్టలేదు. ఎదిగిన పిల్ల గుట్టల మీద తిరగడమేమిటి, స్టేషన్లో నిలబడి అమ్మడమేమిటి అని ఊళ్ళో నలుగురూ అంటున్నారని ఆయన బాధ. నాతో అనేవాడు కాదు, నాయనతో అనేవాడు. నాయన తల వంచుకుని వినేవాడు. నేను తలుపు వెనక నిలబడి పళ్ళు కొరుక్కునేదాన్ని. నాకు కోపం ముక్కు మీదే ఉండేది, ఇప్పటికీ అక్కడే ఉంది.

అట్లా రెండేళ్ళు గడిచాక మంత్రాలయంలో లాడ్జి కడుతున్న ఒక పెద్దమనిషి నేలకు బండలు కొనడానికి మా ఊరికి వచ్చాడు. పని చూసుకుని రైలు కోసం స్టేషన్లో కూర్చున్నవాడు అంగడి గోడ చూశాడు. ఆయన తెలుగులో సగం కన్నడం. "ఏమ్మా, ఇవి ఎవరు బరిసినారు?" అన్నాడు. ఎవరూ గీయలేదు, రాతిలోనే ఉండాయి అన్నాను. నమ్మలేదు. నీళ్ళు పోసి చూపించాను. రాతిని అటూ ఇటూ తిప్పి చూసి అప్పుడొక మాట చెప్పాడు. ఇప్పటికే ఉన్న తన పాత లాడ్జికి వచ్చే భక్తుల్లో సగం మందికి అంకెలు చదవడం రాదట. రూము నంబరు చెప్పి పంపితే మఠంలో రాయలసామి దర్శనం చేసుకుని వచ్చి, ఏ తలుపు తమదో తెలియక వరండాలో తిరుగుతూ ఉంటారట. "తలుపు పక్కన ఒక్కో చెట్టు పెట్టినానంటే, ఇది చింతచెట్టు రూము, ఇది ఈతచెట్టు రూము అని ముసలమ్మ గూడా మర్చిపోదు. దుడ్ల సంగతి తర్వాత. ఇరవై రెండు రూములుండాయి, ఇరవై రెండు చెట్లు ఇస్తావా?" అని అడిగాడు. అన్నీ ఇంచుమించు ఒకే కొలత ఉండాలి, ఏ చెట్టూ ఇంకోదానిలా ఉండకూడదు, లాడ్జి తెరిచే గురువారానికి ముందు చేరాలి. ఇస్తానన్నాను. మా ఇంటికి వచ్చి, రెండేళ్ళుగా అమ్మబుద్ధి కాక దాచుకున్న నా రాళ్ళన్నీ చూసి, ఇరవై రెండూ తానే ఏరుకుని, ఏది ఏ రూముకో పుస్తకంలో రాసుకున్నాడు.

పోతూ పోతూ, ఇంత చిన్నపిల్ల మాట మీద నేను తలుపుల పక్కన గోడలు ఖాళీ పెట్టుకోవాల్నా, దీనికి పూచీ ఎవరు అని అడిగాడు. నాయన పెద్దనాయన వైపు చూశాడు. పెద్దనాయన అరుగు మీదినుంచి లేచి, "మా ఇంటి పిల్ల మాటిచ్చిందంటే నేనిచ్చినట్టే" అన్నాడు. నాకు ఎక్కడలేని సంతోషం వేసింది. ఆ మనిషి వీధి మలుపు తిరగ్గానే నా వైపు తిరిగి, "ఈ ఒక్క పని మాట ప్రకారం చేసి చూపీ. తప్పిందా, మళ్ళా గుట్ట పక్క కాలు పెట్టేది లేదు" అన్నాడు. పెద్దనాయన మాటకు మా ఇంట్లో తిరుగు లేదు. నాకు చెట్లు లేని బతుకు ఎట్లా ఉంటుందో తలుచుకుంటేనే భయం వేసింది.

లాడ్జి తెరవడానికి పది రోజులుందనగా కడపలో దర్గా ఉరుసుకు చిన్నమ్మ వాళ్ళింటికి అమ్మతోపాటు పోయాను. నంద్యాల దాకా రైలు, ఆ పైన బస్సు. నాలుగు రోజులు ఉండి, మలీదా ప్రసాదం మూట కట్టుకుని సంతోషంగా తిరిగి వచ్చేసరికి మామ మా వాకిట్లో నిలబడి ఉన్నాడు. ఆ మనిషి ముఖం అంత వెలిగిపోగా నేను ఎన్నడూ చూడలేదు. చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయి, గోనెపట్ట తొలగించి, "చూడు పాపా, ఎట్ల మెరుస్తాండాయో" అన్నాడు.

ఇరవై రెండు బండలూ అద్దాల్లాగా మెరుస్తున్నాయి. ఒక్కదాని మీద కూడా చెట్టు లేదు.

మా ఊళ్ళో పాలిష్ లేని బండ గడప దాటిస్తే తలవంపులు. పెళ్ళికూతుర్ని తల దువ్వకుండా పంపినట్టు. మేనకోడలు మొదటిసారి పెద్ద బేరం పట్టింది, పైగా మంత్రాలయానికి, ఆ రాళ్ళు అట్లా గరుగ్గా పోతే మన పరువేం కావాలని ఆయన తన భోజనం వేళల్లో, ఎవరికీ చెప్పకుండా, మిషన్ యజమానిని బతిమాలి ఒక్కొక్కటే చెక్కు చెదరకుండా నునుపు చేశాడు. మామూలు ఫ్లోరింగు బండల మీద కూడా అంత శ్రద్ధ పెట్టి ఉండడు. చెట్టు పోతోందని చూడలేదా అంటారేమో. మిషన్ కింద నీళ్ళూ, రాతి బురదా పారుతూ ఉంటాయి, ఏమీ కనిపించదు. పైగా రాతిలోని రంగు పాలిష్ పెడితే ఇంకా తేలుతుందన్నది ఆయన వృత్తి నేర్పిన నమ్మకం. తుడిచి చూశాక చెట్లు కనపడకపోతే, ఇదేదో నూనె పూస్తే లేచే రకం, పాప చూసుకుంటుందిలే అనుకున్నాడట. పూత సంగతి నేను దాచుకున్న విద్య కదా, ఆయనకెట్లా తెలుస్తుంది.

ఆ న్యాయం ఇప్పుడు చెప్తున్నాను. అప్పుడు నా నోటికి న్యాయం లేదు. "నువ్వు చెయ్యి పెట్టింది ఏదన్నా బాగుపడిందా మామా?" అన్నాను. ఆ మాట ఎంత లోతుకు దిగుతుందో నాకు తెలుసు. ఆయన అంతకుముందు గుడ్డల అంగడి పెట్టి నష్టపోయాడు, గొర్రెలు కొంటే రోగం వచ్చి పోయాయి, చెయ్యి మంచిది కాదని వెనక అనేవాళ్ళు ఉండేవాళ్ళు. మామ భుజం మీది టవలు తీసి, ముందున్న బండ మీద ఆయన వేలి మరక పడి ఉంటే దాన్ని తుడిచి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. అమ్మ నా వైపు చూసిన చూపు నేను మర్చిపోలేదు.

లాడ్జి తెరవడానికి ఆరు రోజులుంది. రెండేళ్ళు ఏరిన చెట్లు ఆరు రోజుల్లో ఎక్కడ దొరుకుతాయి? అంగడిలో ఉన్నవన్నీ చిన్నచిన్న ముక్కలు, ఆ కొలత రాళ్ళు నెలకొకటి దొరికితే గొప్ప. ఇంక మనకు గుట్ట లేదు అనుకుని వసారాలో కూలబడి ఏడుస్తూ ఉంటే, అరుగు మీదినుంచి జేజినాయన ఏమైందని అడిగాడు. చెప్పాను. ఒక రాయి చేతికిమ్మన్నాడు. చూపు లేని మనిషి, నునుపు పక్క వదిలేసి అంచు మీద వేలు నడిపి నడిపి, ఎంత మందం, ఎక్కడ చీలింది అని తడిమి తడిమి, చివరికి ఇట్లా అన్నాడు.

"చెట్టు రాతి మీద ఉంటాదనుకుంటివా పాపా? రెండు రాళ్ళ నడుమ ఉంటాది. పొర లేపినప్పుడు ఒగ పక్క పై బండకు, ఒగ పక్క కింది బండకు అంటుకుంటాది. నీ కాడుండేది పోతే దాని జోడీ ఉండాల గదా, అది యాడికి పోతాది?"

గబుక్కున లేచి నిలబడ్డాను. రెండేళ్ళు చెట్లు ఏరి, వాటికి పేర్లు పెట్టి, నా అంత తెలిసినది లేదని మురిసినదాన్ని, ఈ చిన్న సంగతి నా బుర్రకు తట్టలేదు. పొరలు లేపినవాడి వేళ్ళకు తెలిసింది.

తెల్లారి గనుల దగ్గరికి పోయి ఆడవాళ్ళందరికీ జరిగింది చెప్పాను. ఎవరి చెట్టు ఏ కుప్పలో దొరికిందో ఒక్కొక్కరికీ గుర్తుంది, బెంగళూరు పోయిన చెట్టు కూడా గుర్తుంది. పని దిగిన వెంటనే కొంగులు దోపి నాతోపాటు కుప్పలెక్కారు. అయితే పొడిరాతి మీద చెట్టు సరిగ్గా కనపడదు, నీళ్ళు పోస్తే తప్ప లేవదు. ఎండాకాలం, ఊళ్ళో బిందె నీళ్ళకు గంటలకొద్దీ నిలబడే రోజులు. తాగే నీళ్ళు రాళ్ళ మీద పోసే పిచ్చివాళ్ళు ఎవరైనా ఉంటారా అని మీకనిపించొచ్చు. ఉన్నారు, తలా ఒక చెంబు తెచ్చారు. అందరికంటే పెద్ద బిందె మోసుకొచ్చినవాడు మామ. నా వైపు చూడకుండా అవతల కుప్ప దగ్గర నిలబడి చెంబుతో పోస్తూ పోయాడు. నేనూ నా కుప్ప మీదే వంగి ఉన్నాను. తప్పయిందన్న మాట గొంతులోనే ఉంది, పైకి రానివ్వని అహంకారమూ అక్కడే ఉంది.

మొదటి రోజంతా ఒక్కటీ దొరకలేదు. చెట్లు కనిపిస్తున్నాయి, నావి కావు, ఆయన పుస్తకంలో రాసుకున్నవి కావు. రెండోరోజు మధ్యాహ్నం, నా చింతచెట్టు తెచ్చిచ్చిన ముసలామె ఒక బండను ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూసి నన్ను పిలిచింది. "ఇది నా చెట్టే పాపా. కాకపోతే ఎడమచేతి వాటంది" అంది. చూశాను. నా చింతచెట్టు కుడికి వంగి ఉండేది, ఇది ఎడమకు వంగి ఉంది, తక్కినదంతా రెమ్మ తేడా లేకుండా అదే. జోడీ అంటే అద్దంలో మనిషి మరి. నిన్నంతా కుడికి వంగినదాని కోసం వెతుకుతూ ఎన్నిటిని దాటి వచ్చామో. వెనక్కి పరిగెత్తాం. ఆ సాయంత్రానికి ఏడు దొరికాయి. దొరికిన ప్రతిదానికీ దాని తాలూకు ఆడమనిషి గుట్ట మీదినుంచి కేక వేస్తే కింద ఉన్నవాళ్ళు మారు కేక వేసేవాళ్ళు. ఇన్నేళ్ళయినా ఆ కేకలు తలుచుకుంటే నా గుండె పొంగుతుంది.

మూడోరోజుకు నీళ్ళు కరువయ్యాయి. చెంబులు ఖాళీ, బావి అడుగంటింది. అప్పుడు గుట్ట కిందికి ఒక ఎద్దుల బండి వచ్చి ఆగింది, బండి మీద గనిలో వాడే నీళ్ళ డ్రమ్ము, బండి పక్కన పెద్దనాయన. ఇంక ఆపమంటాడేమో అని మేమంతా చేతుల్లో రాళ్ళు కింద పెట్టేశాం. ఆయన డ్రమ్ము దింపించి, ఒక రాతి మీద కూర్చుని బీడీ వెలిగించాడు. దారిన పోయే ఎవరో, ఏమప్పా, ఆ గుట్ట మీద ఆడపిల్ల ఎవరిది, ఈ ఎండలో ఏం చేస్తాంది అని అడిగినట్టున్నారు. "మా పాప. చెట్లు ఏరుకుంటాంది" అన్నాడు పెద్దనాయన, గుట్ట మీదికి వినబడేంత గట్టిగా.

ఐదో రోజు సాయంత్రానికి పందొమ్మిది జోడీలు దొరికాయి. మూడు మాత్రం ఎంత వెతికినా దొరకలేదు. జొన్నచొప్ప పరిచి, గోనెపట్టలు చుట్టి పందొమ్మిదింటినీ లారీ ఎక్కించాం. మూడు ఖాళీ గోడలకు ఏం సమాధానం చెప్పాలో తెలియక, కనీసం కొలతకు సరిపోతాయిలే అని మామ పాలిష్ పెట్టిన వాటిలోంచి ఆ మూడింటినీ కూడా వేసుకున్నాను. డోన్, పత్తికొండ, ఆదోని మీదుగా లారీ క్యాబిన్లో నాయన పక్కన కూర్చుని పోతున్నంతసేపూ పెద్దనాయన ఇచ్చిన మాటే నా తలలో తిరిగింది.

లాడ్జి ఆయన పుస్తకం తీసి ఒక్కొక్క చెట్టూ సరిచూసుకుంటూ, మొదటిదాని దగ్గరే ఆగిపోయాడు. "ఏమ్మా, ఇది కుడి పక్కకు వంగింటుండె గదా, ఎడమకెట్ల తిరిగె?" అన్నాడు. అబద్ధం చెప్పే ధైర్యం లేదు, నిజం చెప్పాను, మామ సంగతి, జేజినాయన సంగతి, నీళ్ళ సంగతి, మూడు తక్కువైన సంగతి, అన్నీ ఒక్క ఊపిరిలో. ఆయన విని విని నవ్వడం మొదలుపెట్టి, కళ్ళు తుడుచుకుని, ఆ పాలిష్ బండలు ఏవీ చూపించమన్నాడు. విప్పితే ఆయన ముఖం వాటిలో కనిపించింది. అప్పటికి ఆ వరండాలో అద్దాలు లేవు. దర్శనానికి పోయేముందు బొట్టు సరిచేసుకోవడానికి పాత లాడ్జిలో జనం కిటికీ రెక్కల్లో చూసుకుంటున్నారని, ఇవి కావాల్సినవేనని ఆ మూడింటినీ మూడు తలుపుల పక్కన పెట్టించాడు. తర్వాత ఆ మూడూ అద్దం రూములని పేరుపడి, ఆడవాళ్ళు అవే కావాలని అడిగి తీసుకునేవాళ్ళట. ఆయన చెప్పిన ధర మొత్తం ఇచ్చి, ఇంకో లాడ్జి కడుతున్న తమ్ముడి విలాసం కూడా చేతిలో పెట్టాడు.

తిరిగి వచ్చి ఇంటికి పోకుండా నేరుగా ఫ్యాక్టరీకి పోయాను. మామ మిషన్ ఆపి, మోచేతుల దాకా రాతి బురదతో బయటికి వచ్చాడు. తప్పయింది మామా, ఆ మాట నేను అనుండకూడదు అన్నాను, ఏడుపు ఆగలేదు. ఆయన అదేమీ విననట్టే నిలబడి, తన పాలిష్ బండలు మూడు గోడకు పెట్టినారని నేను చెప్పాక, మెల్లగా ఒకే ఒక మాట అడిగాడు. "పాలిష్ బాగుందనిరా?"

శానా బాగుందనిరి మామా అన్నాను.

ఆ తర్వాత ముప్పై ఏళ్ళు ఆ బేరం నడిపాను. అత్త అంగడి పక్కనే ఒక గది తీసుకున్నాను, పెళ్ళయ్యాక మా ఇంటాయన తన సైకిలు మీద గనుల చుట్టూ తిరిగి చెట్లు తెచ్చేవాడు. కర్నూలులో డాక్టర్ల ఇళ్ళకు, కడపలో షాదీఖానా గోడకు, ఎక్కడో హంపీ దారిలో హోటళ్ళకు మా ఊరి చెట్లు పోయాయి. జోడీలను విడదీయకుండా పక్కపక్కన గోడకు పెట్టుకోండి, ఒక చెట్టు ఇటు, ఒక చెట్టు అటు వంగి ఎంత అందంగా ఉంటాయో చూడండి అని చెప్పి రెండు రాళ్ళూ అమ్మడం కూడా నేర్చుకున్నాను, ఆ కష్టం నేర్పిన తెలివి అది. గనుల ఆడవాళ్ళు నా దగ్గర అమ్మిన చెట్లతో పిల్లల్ని చదివించుకున్నారు, నేనూ ఇద్దరమ్మాయిల్ని చదివించాను. మామ బతికి ఉన్నన్నాళ్ళూ వచ్చినవాళ్ళకు చెట్లు చూపించేది ఆయనే. నూనె గుడ్డ మాత్రం నా చేతికే ఇచ్చేవాడు, నవ్వుతూ.

ఇప్పుడు గనుల్లో పొరలు లేపేవాళ్ళు తగ్గిపోయారు. గుండ్రటి రంపం దిగి నిలువునా కోసేస్తుంది, కొలతకు సరిపడా వస్తుంది, పని తొందరగా అవుతుంది, మనుషులకు దెబ్బలూ తక్కువ, తప్పనలేను. ఇళ్ళకు టైల్స్ వచ్చాయి, అవీ నునుపే, అవీ అందమే. మంత్రాలయంలో ఆ లాడ్జి పడగొట్టి పెద్దది కట్టారని, తలుపులకు కార్డులు తాకిస్తే తెరుచుకుంటాయని విన్నాను. అందరికీ అంకెలు చదవడం వచ్చింది, అంతకంటే కావలసిందేముంది. మా ఊరి అమ్మాయిలు స్కూటర్ల మీద డోన్ కాలేజీకి పోతున్నారు, యాడికి పోతాండావని అడ్డంపడే పెద్దనాయన ఎవరికీ లేడు. చూసినప్పుడల్లా నాకు కడుపు నిండినట్టుంటుంది. మా కుప్పలు మాత్రం అట్లాగే ఉన్నాయి, తుమ్మలు మొలిచి, వానకు తడిసి, ఎండకు ఆరి. తడిసినప్పుడల్లా ఆ రాళ్ళ మీద చెట్లు లేస్తూనే ఉంటాయి. గుట్ట ఎక్కవద్దని ఆపేవాళ్ళు ఇప్పుడు లేరు. ఎక్కి, వంగి చూసే పిల్లా లేదు.